అడగకుండా చెవిన పడ్డది

గౌతమ ధర్మసూత్రాల పన్నెండో అధ్యాయంలో ఒక శిక్ష ఉంది. వేదం చదువుతుండగా శూద్రుడు చెవి ఒగ్గి విన్నాడంటే, తగరమూ లక్కా కరిగించి వాడి చెవుల్లో పొయ్యమంటుంది. శంకరులు బ్రహ్మసూత్రాలకి భాష్యం రాస్తూ మొదటి అధ్యాయం మూడో పాదంలో ఈ మాటని ప్రమాణంగా చూపించారు. ఆ చర్చ ముగిస్తూ, ఇతిహాస పురాణాలు మాత్రం నాలుగు వర్ణాలవాళ్లూ వినొచ్చని చిన్న వెసులుబాటు ఇచ్చారు. నాలుగు వర్ణాలకీ అవతల ఉన్నవాళ్ల సంగతి ఆ వెసులుబాటులో లేదు. మావాళ్లు ఆ అవతలివాళ్లే. ఒకప్పటి రాజోలు తాలూకాలో కాలవ దిగువన పేట మాది.

ఆ భాష్యం చదివేనాటికి నాకు నలభై దాటాయి. హైస్కూల్లో తెలుగు చెబుతూ, సాయంత్రాలు సంస్కృతం నేర్చుకుంటున్న రోజులు. పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. కోపం వచ్చింది. అయితే కోపంతో పాటే ఇంకో సంగతి గుర్తొచ్చింది. నేను వేదం ఎప్పుడో విన్నాను. ఏడెనిమిదేళ్ల వయసులో, కాలవగట్టు మీద గేదెని తోలుకెళుతూ విన్నాను. వినిపించింది పంచాయతీ ఆఫీసు మీద కట్టిన లౌడ్‌స్పీకరు.

అప్పటికి రేడియో ఇంటింటా ఉండే వస్తువు కాదు. సెట్టు కొనాలి, పైగా ఏటా పోస్టాఫీసులో లైసెన్సు కట్టాలి. ఊళ్లో ఏ మూణ్ణాలుగు ఇళ్లలోనో ఉండేది. పేటలో ఎవరికీ లేదు. పంచాయతీకి ఒక సెట్టు ఉండేది. పొద్దున్నే గుమాస్తా వచ్చి తాళం తీసి మీట తిప్పితే, ఆ గొంతు రావిచెట్టు దాటి, బ్రాహ్మణవీధి దాటి, కాలవ దాటి మా పాకల మీదికి వచ్చేది. ఎవరు ఎక్కడిదాకా వచ్చి ఆగాలో మా ఊళ్లో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. ఆ గొంతుకి తెలీదు. పేటవాళ్లు వంతెన దగ్గర గుంపుగా నిలబడి వింటున్నారని ఒక పెద్దమనిషికి కష్టం కలిగి, లౌడ్‌స్పీకరు మూతి ఊరివైపుకి తిప్పించాడు. తిప్పిన తరవాత కాస్త సన్నగా వినపడేది, అంతే. మా అమ్మ పొయ్యిమీద ఊదుడుగొట్టం ఆపి మరీ వినేది.

వినడానికి ముందే అర్హత ఉండాలా, లేక వినడమే మనిషికి అర్హత తెచ్చిపెడుతుందా? అరవై ఏళ్లుగా నన్ను వదలని ప్రశ్న ఇది. వేదాంత గ్రంథం ఏది తెరిచినా ముందు అధికారి ఎవరన్న చర్చ ఉంటుంది. కాని యాజ్ఞవల్క్యుడు మైత్రేయికి చెప్పిన వరసలో మననానికీ నిదిధ్యాసనానికీ ముందు ఉన్నది శ్రవణం. ప్రహ్లాదుడు తండ్రికి చెప్పిన తొమ్మిది భక్తుల్లోనూ అదే మొదటిది. మా అమ్మ నమ్మిన గ్రంథంలో, రోమీయులకు రాసిన పత్రిక పదో అధ్యాయంలో, విశ్వాసం పుట్టేది వినడం వల్లనే అంటాడు పౌలు. ఇందరు పెద్దలు మొదటి మెట్టు అన్నదాని దగ్గర కాపలా పెట్టారంటే నాకు ఒకటే అర్థమవుతుంది. విన్నవాడు విననప్పటిలా ఉండడని ఆ కాపలా పెట్టినవాళ్లకి బాగా తెలుసు. వినడం వల్ల ఏమీ కాదనుకుంటే తగరం కరిగించాల్సిన పనేముంది? ఆ శిక్షే సాక్ష్యం. అర్హత విన్న తరవాత వస్తుంది. అది వస్తుందని భయపడ్డవాళ్లే అది ముందు ఉండాలన్నారు.

మా వైపు ఈ కాపలాని తీసేసింది ఏ సంస్కర్తో కాదు, విజయవాడ ఆకాశవాణి. 1948 డిసెంబరు 1న ఆ కేంద్రం మొదలైంది. అంతకు ముందు పదేళ్లు మద్రాసు కేంద్రమే మనకి దిక్కు. 837 కిలోహెర్ట్జ్ మీద వచ్చే విజయవాడ ప్రసారం గోదావరి లంకల్లో చిన్న ట్రాన్సిస్టరుకి కూడా నిక్కచ్చిగా అందేది. తెల్లవారుజామున కేంద్రం తెరిచేముందు తంబురా శ్రుతి మీద వాయులీనం వినిపించేది కదా, ఆ వరస కట్టింది వాల్టర్ కౌఫ్‌మన్ అనే యూదుడు. నాజీలు పెరుగుతున్న రోజుల్లో ప్రాగ్ వదిలిపెట్టి 1934లో బొంబాయి చేరి, అక్కడి రేడియో కేంద్రంలో పాశ్చాత్య సంగీతం చూసుకున్నాడు. ఆ వరసలో శివరంజని ఛాయ ఉంటుందంటారు. సొంతగడ్డ మీద చోటు లేకుండా పోయిన మనిషి కట్టిన స్వరంతో ఈ దేశంలో ప్రతి పొద్దూ మొదలైంది. ఈ సంగతి నాకు పెద్దయ్యాక తెలిసింది. తెలిసిన దగ్గర్నుంచీ ఆ స్వరం వింటే మా వాడెవరో పలకరించినట్టే ఉంటుంది నాకు.

దాని తరవాత వందేమాతరం, మంగళవాద్యం, ఆపైన భక్తిరంజని. భక్తిరంజనిని తీర్చిదిద్దినవాళ్లలో ముందు చెప్పాల్సిన పేర్లు మా గోదావరివాళ్లవే. బాలాంత్రపు రజనీకాంతరావు నిడదవోలులో పుట్టారు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ మా తాలూకాలోనే శంకరగుప్తంలో పుట్టారు. వోలేటి వెంకటేశ్వర్లుది సాక్షాత్తూ రాజోలే. వీళ్లు ఏం చేశారో చిన్నప్పుడు తెలీదు. ఇప్పుడు వెనక్కి చూస్తే చాలా పెద్ద పనే కనిపిస్తోంది. వేదపఠనం, నారాయణతీర్థుల తరంగం, అధ్యాత్మ రామాయణ కీర్తన, ఎడ్ల రామదాసు తత్త్వం, అన్నీ ఒకే కార్యక్రమంలో, ఒకే శ్రుతిలో, ఒకదాని వెనక ఒకటి పెట్టారు. శంకరులు ఇచ్చిన వెసులుబాటులో పురాణం ఒక గదిలో, వేదం ఇంకో గదిలో ఉన్నాయి. తత్త్వానికి అసలు గదే లేదు. భక్తిరంజనిలో మధ్య గోడలు లేవు.

తత్త్వం మాకు కొత్త కాదు. పేటలో చావింటి దగ్గర తెల్లవార్లూ తత్త్వాలు పాడే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. చేతిలో తంబురా, పక్కవాడి చేతిలో చిరతలు. శవం ముందు కూర్చుని, తోలుతిత్తి గురించీ తొమ్మిది వాకిళ్ల గురించీ పాడుతుంటే ఏడుస్తున్న ఆడవాళ్లు కూడా ఆగి వినేవాళ్లు. ఒకరోజు పొద్దున రేడియోలో రామదాసు తత్త్వం బాలమురళి గొంతులో వచ్చింది. పెద్దాయన వంతెన దగ్గర పలుగు భుజాన వేసుకుని నిలబడిపోయాడు. అయిపోయాక నావైపు తిరిగి, "మన పాటేరా. తలంటు పోసుకుని వచ్చింది" అన్నాడు.

ఆ మాటలో సంతోషం ఎంతో, ఇంకేదో కూడా అంతే ఉంది. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

మా అమ్మకి చదువు రాదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో సగం ఆవిడకి నోటికి వచ్చు. ఆ పుస్తకం చూసినవాళ్లకి తెలుసు, ప్రతి కీర్తన పైనా రాగం పేరూ తాళం పేరూ అచ్చువేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి వంటివాళ్లు పందొమ్మిదో శతాబ్దంలోనే ఈ నేల రాగాల్లో క్రీస్తుని పాడారు. మా చర్చిలో ఆదివారం కీర్తన నంబరుతో పాటు రాగం కూడా చదివి మొదలుపెట్టేవారు. ఊడ్పుల రోజుల్లో ఒక పొద్దున అమ్మ చద్దిగిన్నె మూటగట్టుకుని బయల్దేరబోతూ గుమ్మంలో ఆగింది. లౌడ్‌స్పీకర్లో ఎవరో రాముడి మీద కీర్తన పాడుతున్నారు.

"ఆగరా. ఇది మన వరస."

"రాముడి పాటమ్మా అది."

"పాట ఎవరి మీదైతే ఏంటి? వరస మనదే. ఆనందభైరవి అని చదువుతారు చూడు అయ్యగారు, అదే ఇది."

ఆ ముక్క ఆవిడ ఎంత ధీమాగా అందంటే, నేను మారుమాట్లాడలేదు. చేలో కూడా గొంతు పైకెత్తకుండానే ఆ వరసకి తన మాటలు, అంటే క్రీస్తు మాటలు, పెట్టుకుని పాడుకుందట. సాయంత్రం చెప్పింది. దేవుడు వేరైతే పాట వేరవుతుందని మనం అనుకుంటాం. ఆ ఆనందభైరవి రేడియో కంటే చాలా ముందే, ఎవరో ఒక పాస్టరు గొంతులో కాలవ దాటి వచ్చేసింది. రేడియో చేసిందల్లా ఆ రాకపోకల్ని మా అమ్మకి వినిపించడమే. ఆవిడ మతం మారలేదు, నమ్మకం ఇసుమంతైనా సడలలేదు. ఎదటివాళ్ల భక్తిలో తన రాగం ఉందని మాత్రం తెలుసుకుంది. నా మటుకు నాకు ఇది శ్రవణం. ఇంతకంటే లోతైన శ్రవణం నేను తరవాత చదివిన పుస్తకాల్లో దొరకలేదు.

భక్తిరంజని అయ్యాక వార్తలు. ఆ తరవాత రోజంతా ఏదో ఒకటి నడుస్తూనే ఉండేది. ఆడవాళ్ల కార్యక్రమం, కార్మికుల కార్యక్రమం, సాయంత్రం రైతులకి పొలం సలహాలు, పిల్లల పాటలు, బుర్రకథ, రాత్రి కచేరీ. వరిలో దోమ పడితే ఏ మందు కొట్టాలో చెప్పిన నోటి తడి ఆరకముందే హరికథ మొదలయ్యేది. ఇంకో సమయంలో అయితే ఇదంతా కలగాపులగం అనేవాడిని. 1974లో సంస్కృత వార్తలు కూడా వచ్చి చేరాయి. మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. వేదం వినరాదన్న భాషలోనే మంత్రివర్గ సమావేశాల గురించీ, వరదల గురించీ చెబుతున్నారు. పేటలో కూర్చుని వింటున్నాను. సంస్కృతం నేర్చుకోవాలన్న కోరిక ఆ వార్తల వల్లే పుట్టింది, ఏ ఉపనిషత్తు వల్లా కాదు.

ఆదివారం మధ్యాహ్నాలు ఉషశ్రీవి. గోదావరి ఒడ్డున కాకరపర్రులో పుట్టిన పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు గారే ఉషశ్రీ. ఆయన రామాయణ భారతాలు చెబుతుంటే వీధిలో మనిషి అలికిడి ఉండేది కాదని ఇప్పటికీ చెప్పుకుంటారు. అందులో అతిశయోక్తి లేదు, నేను ఆ వీధిలో నడిచాను. ఆయన నడిపిన ధర్మసందేహాలు నాకు ఇంకా ముఖ్యం. శ్రోతలు ఉత్తరాలు రాస్తే ఆయన గొంతుతో జవాబు వచ్చేది. కర్ణుడి గురించి, ద్రౌపది గురించి, వాలి వధ గురించి. అడిగేవాడు ఎవరైనా సరే, చేతిలో పోస్టుకార్డు ఉంటే చాలు. శాస్త్రం వినడానికి అర్హత అడిగిన దేశంలో, శాస్త్రాన్ని ప్రశ్నించడానికి పోస్టుకార్డు చాలనడం చిన్న మార్పు కాదు. ఆయన జవాబులన్నిటితో నేను ఏకీభవించలేదు. వాలి విషయంలో ఇప్పటికీ ఏకీభవించను. కాని సందేహం పాపం కాదని, అది మర్యాదగా అడగదగ్గ విషయమని నాకు మొదట చెప్పింది ఆ గొంతే. మా చర్చిలో కూడా ఆ మాట ఎవరూ చెప్పలేదు.

నిజం చెప్పాలంటే మా ఈడువాళ్లం కాచుక్కూచున్నది సినిమా పాటల కోసం. కేస్కర్ సమాచార ప్రసార మంత్రిగా ఉండగా 1952లో ఆకాశవాణి సినిమా పాటల్ని పక్కన పెడితే జనం రేడియో సిలోను వైపు తిరిగారని, చివరికి 1957లో వివిధభారతి పెట్టాల్సివచ్చిందని అందరికీ తెలిసిందే. మా కాలానికి సినిమా పాటలు వచ్చేవి. అయితే అవి వచ్చే వేళ దాకా వేరేవి వినక తప్పేది కాదు. అలా వినక తప్పకనే వోలేటి వారి సంగీత శిక్షణ విన్నాను. ఆయన ఒక పంక్తి పాడేవారు, ఎదురుగా ఉన్న శిష్యులు తిరిగి పాడేవారు, తప్పితే ఆయన మళ్లీ పాడేవారు. నేను కాలవగట్టున వాళ్లతో పాటే నోట్లో అనుకునేవాణ్ణి. గురువుకి నేనున్నానని తెలీదు. రాజోలు వీధిలో ఆయన అరుగు ఎక్కే ధైర్యం మా నాన్నకి ఉండేది కాదు. ఆయన గొంతు మాత్రం నాకు సంగతి సంగతీ విడమరిచి నేర్పింది.

ఇప్పుడు మనవడి ఫోన్లో కావలసింది కావలసినప్పుడు వస్తుంది. ఒకటి వింటే అలాంటివే పది తెచ్చి ముందు పెడుతుంది. వాడికి అందులో లోటు కనపడదు, వాణ్ణి తప్పు పట్టను. నా అభిప్రాయం మాత్రం చెబుతాను. కోరిందే వినడం భక్తి కాదు, జ్ఞానం అంతకన్నా కాదు. అది మన ఇష్టానికి మనం చేసుకునే పూజ. శ్రవణంలో వినేవాడు తన ఇష్టాన్ని కాసేపు పక్కన పెట్టాలి. నేను అడగనిది, నాకు చెందదని నలుగురూ అన్నది, నా చెవిన పడాలి. పడ్డదానికి నేను చోటివ్వాలి.

ఇంతవరకూ చెప్పింది ఒక కొస సంగతే. వినడానికి రెండు కొసలున్నాయి. చెవి కొస తెరుచుకుంది. నోటి కొస సంగతేంటి?

పెద్దాయన అన్న "తలంటు" మాట ఇక్కడ నన్ను గుచ్చుతుంది. మా పాట రేడియోలోకి వెళ్లింది, మా గొంతు వెళ్లలేదు. ఆడిషను ఉండేది, గ్రేడులు ఉండేవి. శాస్త్రీయంగా శ్రుతి లయలు నేర్చినవాడికి ఆ ద్వారం తెరుచుకునేది. చావింటి ముందు అరవై ఏళ్లు పాడిన గొంతుని అక్కడికి తీసుకెళ్లాలన్న ఆలోచనే ఎవరికీ, మాకు కూడా, రాలేదు. హార్మోనియం సంగతి చూడండి. అందులో గమకం పలకదని, మన సంగీతానికి పనికిరాదని 1940లో ఆకాశవాణి దాన్ని వెలేసింది. 1971లో గాని సడలించలేదు. గోదావరి జిల్లాల్లో పద్యనాటకానికి ప్రాణం హార్మోనియం. మా చర్చిలో ఉన్న ఒకే ఒక్క వాయిద్యం హార్మోనియం. వెలివేతకి కారణం సంగీతశాస్త్రమే కావచ్చు. కాని ఏ ఇళ్లలో ఆ పెట్టె ఉందో ఒకసారి చూస్తే, ఆ శాస్త్రం ఎవరి పాటకి దెబ్బ కొట్టిందో తెలుస్తుంది. మనుషుల మధ్య గోడలు కూల్చిన ఆకాశవాణే వాయిద్యాల మధ్య గోడ కట్టింది. ఆ కేంద్రాన్ని ఇంత ప్రేమించే నేను ఈ మాట అనకుండా ఉండలేను.

కవి జాషువా గారి జీవితంలో ఈ రెండు కొసలూ కనిపిస్తాయి. 1915-16లో ఆయన రాజమండ్రిలో మూకీ సినిమాలకి వాచకుడిగా పనిచేశారు. తెర మీద బొమ్మలు ఆడుతుంటే కథా, సంభాషణలూ చదివి వినిపించే ఉద్యోగం. చీకట్లో కూర్చున్నవాళ్లకి గొంతు కావాలి, ఆ గొంతు ఏ పేటదో అక్కర్లేదు. 1941లో ఆయన కావ్యం గబ్బిలం వచ్చింది. గుడిలోకి రానివ్వని మనిషి, గుడిలో అడ్డులేకుండా వేలాడే గబ్బిలంతో శివుడికి తన మొర చెప్పి పంపుతాడు. 1950ల చివర్లో మద్రాసు ఆకాశవాణిలో ఆయన కార్యక్రమ నిర్మాతగా ఉన్నారు. రేడియో గుడి లోపలి శబ్దాన్ని బయటివాడికి తెచ్చింది. బయటివాడి మాటని లోపలికి మోసుకెళ్లడానికి గబ్బిలమే దిక్కయింది. కావ్యం ఆ పని చేయగలిగింది, ప్రసారం చేయలేకపోయింది. శివుడు వింటాడన్న నమ్మకం ఆ కావ్యంలో నాకు చాలా గొప్పగా తోస్తుంది. శ్రవణం భక్తుడి ధర్మమని అందరూ చెప్పారు, అది దేవుడి ధర్మం కూడా అని నిలదీసింది జాషువా.

1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టులో జస్టిస్ సావంత్, జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి ఉన్న ధర్మాసనం, ఆకాశంలో తిరిగే తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. ధర్మసూత్రం చదివినప్పుడు వచ్చిన కోపానికి జవాబు దొరికినట్టు అనిపించింది నాకు. 2006లో స్వచ్ఛంద సంస్థలు కూడా చిన్న రేడియోలు పెట్టుకోవచ్చన్నారు. 2008 అక్టోబరు 15న అప్పటి మెదక్ జిల్లా మాచునూరులో సంఘం రేడియో మొదలైంది. నడిపింది పొలం పనులు చేసుకునే దళిత స్త్రీలు. తమ యాసలో తమ విత్తనాల గురించి, తమ పాటలు, తమ పండగలు. మైకు ముందు కూర్చోవడానికి వాళ్లని ఎవరూ తలంటు పోసుకుని రమ్మనలేదు. మా పెద్దాయన అప్పటికి పోయి చాలా ఏళ్లయింది.

కాలవగట్టున అలాంటి రేడియో ఒకటి మాకు రావాలి. వంద వాట్ల పరికరమైతే చాలు, అయిదారు మైళ్లు పోతుంది. మా చర్చిలో డెబ్బై దాటిన ఆడవాళ్లు ఇంకా కొందరున్నారు. పుస్తకం చూడకుండా రాగం తప్పకుండా పాడతారు. వాళ్ల కోడళ్లు కీబోర్డు మీద కొత్త పాటలు పాడుతున్నారు, ఆ పాత వరసలు ఎవరూ దాచడం లేదు. పండగ నాడు కేంద్రం పిలిచి పాడించే క్రిస్మస్ పాటల సంగతి కాదు నేను చెప్పేది. ఏ విశేషమూ లేని మంగళవారం పొద్దున, వేదపఠనానికీ ధాన్యం ధరలకీ మధ్య, హార్మోనియం పెట్టుకుని మా ఆడవాళ్లు ఆనందభైరవిలో పాడాలి. మేము అవతలి ఒడ్డుని అరవై ఏళ్లు విన్నాం, దానివల్ల మాకు మేలే జరిగింది. వంతెన అవతల బ్రాహ్మణవీధిలో ఎవరో ఒకావిడ కాఫీ కలుపుతూ, తను అడగకపోయినా, ఆ పాట వినాలి. విని, ఇది మన వరసే అని ఇంట్లోవాళ్లతో అనాలి.